చదివి వినిపించగా

కత్తెర చేతిలోనే ఉంది, కాగితాలు ఎదురుగా బల్ల మీదే ఉన్నాయి, గోడ గడియారం నాలుగు దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది, చెయ్యి మాత్రం కదలనని మొండికేసింది. అయిదింటికల్లా పన్నెండుమంది ఆడవాళ్ళు బిలబిలమంటూ ఈ మెట్లెక్కి వచ్చేస్తారు. వచ్చేసరికి ఈ మూడు కాగితాలూ ఇరవై చీటీలుగా తెగి, రిబ్బను చుట్టిన గాజుగిన్నెలో పడి ఉండాలి. పెళ్ళికూతురి కుర్చీకి పూలు కట్టాలి, కేకు పెట్టె విప్పాలి, బుడగలు ఇంకా సగం ఊదనేలేదు. మైకు పెళ్ళి తొమ్మిది రోజుల్లోకి వచ్చింది. పెళ్ళికి ముందు ఒక్క సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి నవ్వించి, ఏడిపించి, ఆటలాడించి పంపాలని, ఆ భారమంతా నెత్తికెత్తుకున్నది పిచ్చుక. ఎవరూ బొట్టుపెట్టి పిలిచి అడగలేదు, తనే ఎత్తుకుంది. మైకు అంటే పెళ్ళికూతురు, హాస్టల్లో అది నవ్వితే మూడు గదుల అవతల వార్డెను లేచి కూర్చునేదని పెట్టిన పేరు. పిచ్చుక అంటే తను, మనిషి అరచేతిలో పట్టేంత ఉంటుందని, పైగా టైపు మిషను మీద గింజలు ఏరుకుంటున్నట్టు టకటకా పొడుస్తుందని. ఆ హాస్టలు గదిలో మూడోది పెద్దక్క, ఇద్దరికంటే రెండేళ్ళు పెద్దది. కన్నవాళ్ళు పెట్టిన పేర్లు ముగ్గురివీ సర్టిఫికెట్లలోనే ఉండిపోయాయి. ఈ పన్నెండుమందిలో పెద్దక్క లేదు.

చెయ్యి ఆడకపోవడానికి కారణం మూడో కాగితం అడుగున ఉంది. అక్కడ, ఇరవయ్యో జవాబు కింద, ఒక్క వరుస ఖాళీ వదిలి, ఇలా ఉంది: చదివి వినిపించగా విని, సరిగా ఉన్నదని ఒప్పుకొన్నారు. ఆ మాట తను రాయలేదు, రాయాలని అనుకోలేదు, వేళ్ళు రాసేశాయి. పదకొండేళ్ళుగా కుటుంబ కోర్టులో స్టెనో ఉద్యోగం. బోనులో నిలబడ్డవాళ్ళు చెప్పింది చెప్పినట్టు కొట్టడం, చివర్న ఈ ముక్క తగిలించడం, దాన్ని పైకి చదివి సంతకం పెట్టించుకోవడం. వేళ్ళకేం తెలుసు ఇది పెళ్ళి ఆట అని? ఎడమవైపు రెండు అంగుళాల అంచు కూడా వదిలేశాయి, ఫైల్లో దారంతో కుట్టడానికి. ప్రతి ప్రశ్నకూ ముందు ‘ప్ర’, ప్రతి జవాబుకూ ముందు ‘జ’. అలవాటు పడ్డ ప్రాణం కదా. మూడున్నరకి అది కంటబడగానే పిచ్చుకకి నవ్వొచ్చింది, మైకుకి చూపిస్తే కిందపడి దొర్లుతుందనుకుంది, ఆ నవ్వు పెదాల దాకా రాకముందే కళ్ళు వాటి పని అవి మొదలుపెట్టాయి, కింది నుంచి పైకి. తప్పులు పట్టాలంటే అలాగే చదవాలి, చివరి నుంచి మొదటికి. పై నుంచి చదివితే కథ వెంటబడి పోతాం, తప్పు కనబడదు. ఇరవై, పంతొమ్మిది, పద్దెనిమిది అని ఎక్కుతూ పోయి ఒకటో ప్రశ్న చేరేసరికి నవ్వు లేదు. ఒక్క అచ్చుతప్పు కూడా దొరకలేదు.

ఏముంది అందులో? ఏమీ లేదు. పదిమంది ముందు చదివితే పదిమందీ పొట్ట పట్టుకుని నవ్వుతారు. పెళ్ళికొడుకు, లెక్కల మాస్టారు, చమత్కారి అంటారు. మనిషి మంచివాడు కూడా, ఆ మాట ఎవరైనా చెబుతారు. కిందటి వారం కాలేజీలో స్టాఫ్ రూముకి వెళితే లేచి నిలబడి కుర్చీ వేశాడు, ఎండలో వచ్చారు అంటూ చల్లటి నీళ్ళు తెప్పించాడు, బల్ల మీద పెన్నులు అన్నీ ఒకే వైపుకి తల పెట్టి పడుకుని ఉన్నాయి. తను తీసుకెళ్ళిన ప్రశ్నల జాబితా ఒక్కసారి చూసి, ఏడో నంబరు రెండుసార్లు పడిందండీ అని మెల్లగా చెప్పి, తనే ఎర్రసిరాతో దిద్ది ఇచ్చాడు. ఆట ఏమిటో వివరిస్తే శ్రద్ధగా విన్నాడు: పెళ్ళికొడుకుని ముందుగా అడిగి జవాబులు రాసుకుంటారు, పార్టీలో పెళ్ళికూతురు ఒక్కో చీటీ తీసి ఆయన ఏం చెప్పి ఉంటాడో చెప్పాలి, తప్పితే ఏదో ఒక సరదా శిక్ష. అయితే నాకు మార్కులు పంపించాలి మీరు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. చెల్లెలు వస్తుంది, మొత్తం వీడియో తీస్తుంది అని కూడా అన్నాడు. తను కూడా నవ్వింది. ఆయన చెబుతూ ఉంటే పుస్తకంలో గీతలు గీతలుగా షార్ట్‌హ్యాండు పరిగెత్తింది, ప్రతి జవాబుకీ కిలకిలా నవ్వింది, ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు చెంప మీద కొట్టినట్టుంది.

ఆమెకు ఇష్టమైన రంగు? ఇదివరకు ఎరుపు, మాన్పించాను. ఆమె ఫోను ఎవరికోసం ముందు ఎత్తుతుంది? నాకోసమే, మూడు మోతలు దాటకూడదని మా ఇద్దరికీ ఒప్పందం. ఆమెకు ఆప్తులు ఎవరు? చాలామంది ఉండేవారు, ఇప్పుడు సరిపడా ఉన్నారు. ఆమెలో మీకు నచ్చనిది? నవ్వు, చప్పుడెక్కువ, ఈమధ్య తగ్గింది లెండి. ఆమెకు దేనికి భయం? నేను గొంతు తగ్గిస్తే భయం, నేను అరవను, ఎప్పుడూ అరవలేదు, గొంతు తగ్గిస్తాను, ఆమెకు అర్థమవుతుంది, క్లాసులో కూడా అంతే. ఆమె మానేయబోయే పని? ఈత, పదిమంది ముందు తడిబట్టలతో అదేం ఉద్యోగం, తనే ఒప్పుకుంది. ఒక్క మాటలో ఆమె? మంచి స్టూడెంటు. ఈత! మైకు అంటేనే ఈత. కొలను గట్టు మీద నిలబడి అటు గట్టు దాకా వినబడేలా కేకలేసేది, మోకాలు ముడవకు, ఊపిరి పీల్చు, నేనున్నాను దూకు అని. ఆరేళ్ళ పిల్లలు ఆ గొంతు నమ్ముకుని కళ్ళు మూసుకుని నీళ్ళలోకి దూకేవాళ్ళు. ఒకసారి పిచ్చుకని కూడా దూకమంది, ముప్పై ఏళ్ళ మనిషిని, పిల్లలందరి ముందూ. పిచ్చుక దూకలేదు, గట్టు మీదే గొంతుక్కూర్చుంది, చుట్టూ పిల్లలు చప్పట్లు. నీకు ధైర్యం లేదే, ఉన్నదంతా వేళ్ళలోనే అంది మైకు తువ్వాలు విసురుతూ.

బుడగలు ఊదాలి. పంపుకి తగిలించి తొక్కితే లేత గులాబీ బుడగ ఒకటి మెడ ముడుచుకుంటూ లేస్తోంది. ముందు కొన్నవి ఎర్రవి, చూడగానే మైకు ముఖం వెలగాలని నలభై ఎర్ర బుడగలు. నిన్న మాస్టారి చెల్లెలు ఫోను చేసి, లేత రంగులైతే వీడియోలో బాగుంటాయండీ, అన్నయ్య కూడా అదే అన్నాడు అంది. సరేనంది పిచ్చుక. సరేననడం తనకు వెన్నతో పెట్టిన విద్య. పన్నెండుమంది జాబితా కూడా అలాగే తయారైంది. మొదట పదిహేనుమంది, అందులో పెద్దక్క మొదటి పేరు. జాబితా మైకుకి పంపిస్తే మర్నాడు పన్నెండుమందితో తిరిగొచ్చింది, పెద్దక్క పేరు మీద గీత, మంచి జరిగేచోట అలాంటివాళ్ళు ఎందుకంటున్నారే, నువ్వేమీ అనుకోకు అని ఒక ముక్క. అంటున్నారు అంది, ఎవరు అన్నారో చెప్పలేదు, చెప్పక్కర్లేదు. దానికి కూడా సరేనంది. ఆ రోజే అడగాల్సింది. అడిగితే ఏమంటుంది? కిందటి నెల ఒకసారి అడగబోయింది కదా, నీ నవ్వు తగ్గిందే అని ఫోనులో ఊరికే అంటే, కోర్టులో కూర్చుని కూర్చుని నీకు ప్రతి మొగుడూ ముద్దాయిలాగే కనిపిస్తాడే అంది మైకు. అదీ నిజమేనేమో. పచ్చకామెర్ల రోగికి లోకమంతా పచ్చగానే ఉంటుంది. రోజుకి ముగ్గురు నలుగురి చొప్పున పదకొండేళ్ళు విన్న చెవులు ఇవి, ముందు ఫోను అడిగాడండి, తర్వాత స్నేహితులొద్దన్నాడండి, తర్వాత ఉద్యోగం అని, అందరూ అదే వరుసలో చెబుతారు, ఎవరో నేర్పి పంపినట్టు. ఒక్కోసారి సాక్షి నోరు తెరవకముందే వేళ్ళు తరువాతి మాట మీదికి వెళ్ళి నిలబడతాయి. అలాంటి చెవులతో పెళ్ళింట్లో తిరగకూడదు.

పైగా లోకం ఊరుకుంటుందా? ముప్పై నాలుగేళ్ళొచ్చినా తనకి పెళ్ళి కాలేదు కాబట్టి స్నేహితురాలి పెళ్ళి చూసి ఓర్వలేకపోయిందంటారు. అందని ద్రాక్షపళ్ళు అంటారు. పెళ్ళి చెడగొట్టిన పాపం ఏడు జన్మలు వెంటాడుతుందని తన మేనత్తే మొదట అంటుంది. మైకు మాత్రం అననని ఏముంది? ఒకవేళ మాస్టారు నిజంగా మంచివాడే అయితే, ఈ మాటలన్నీ ఒట్టి వేళాకోళమే అయితే, పదహారేళ్ళ స్నేహం పోయి ఒంటరిగా మిగిలేది ఎవరు? మింగాలంటే మింగుడు పడదు, కక్కాలంటే కక్కలేదు. తనకున్నది ఇద్దరే ఇద్దరు. అందులో ఒకరు ఎప్పుడో పోయారు. పోయారంటే చచ్చిపోయారని కాదు, ఉన్నారు, బస్సులో మూడు గంటల దూరంలో ఒక గదిలో ఉంటూ మందుల దుకాణంలో పనిచేస్తున్నారని విన్నది. పెద్దక్క మూడేళ్ళుగా ఫోను ఎత్తదు.

పెద్దక్కకి కూడా ఇలాంటి సాయంత్రమే చేసింది పిచ్చుక. ఏడేళ్ళవుతోంది. ఈ ఆట అప్పుడు తను కనిపెట్టిందే, ప్రశ్నలు తనవే, పెళ్ళికొడుకు దగ్గరికి వెళ్ళి జవాబులు రాసుకొచ్చింది తనే. బావగారూ బావగారూ అని ముందే వరస కలిపేసి ఎంత అల్లరి చేశారు తనూ మైకూ! ఆమె ఎప్పుడు అందంగా ఉంటుంది అన్న ప్రశ్నకి ఆయన జవాబు, నోరు మూసుకున్నప్పుడు. ఆ చీటీ వచ్చినప్పుడు పిచ్చుక కుర్చీ ఎక్కి నిలబడి, ఆయనలాగే మెడ పక్కకి వాల్చి, లేని మీసం దువ్వుతూ చదివింది. ఇల్లు ఎగిరిపోయింది. మైకు నవ్వి నవ్వి కుర్చీలోంచి నేల మీదికి జారి, అక్కణ్ణించే, ఇంకోసారి చదవవే పిచ్చుకా, నీకు పుణ్యముంటుంది ఇంకోసారి చదవవే అని అరిచింది. చదివింది. మూడోసారి కూడా చదివింది. పెద్దక్కా నవ్వింది. నవ్వే ముందు తల ఎత్తి ఒక్కసారి అందరి ముఖాలూ చూసింది, అందరూ నవ్వుతున్నారా లేదా అని, అంతా నవ్వుతున్నారని తెలిశాక నవ్వింది. ఆ చూపు అప్పుడు పిచ్చుకకి కనబడలేదు. నాలుగేళ్ళ తర్వాత కోర్టులో కనబడింది.

తలుపులు మూసి విచారణ చేసిన రోజు అది. జడ్జిగారు, ఇద్దరు లాయర్లు, బంట్రోతు, స్టెనో, అంతే. పేరు పిలిచారు, సర్టిఫికెట్లో పేరు, అందుకే తల ఎత్తేదాకా తెలియలేదు. పెద్దక్క లోపలికి వచ్చింది, పిచ్చుకని చూసింది, గోడని చూసినట్టు చూసి తల తిప్పుకుంది. లేచి చెప్పాలి, అయ్యా ఈవిడ నాకు తెలుసు, ఇంకో స్టెనోని పెట్టండి అని. పద్ధతి అదే. లేవలేదు. లేస్తే కేసు రెండు నెలలు వాయిదా పడుతుంది, పెద్దక్క మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి అని తనకు తాను చెప్పుకుంది. అందులో నిజం లేకపోలేదు, కానీ కాళ్ళు లేవలేదన్నదే అసలు నిజం. గంటా పది నిమిషాలు. పెద్దక్క చెప్పడం, జడ్జిగారు దాన్ని కోర్టు భాషలోకి మార్చి చెప్పడం, వేళ్ళు కొట్టడం. ఒక్క కామా తప్పలేదు. చివర్న లేచి నిలబడి చదివింది, పద్ధతి ప్రకారం ఎత్తూ పల్లం లేకుండా, ఎవరిదో కరెంటు మీటరు రీడింగు చదివినట్టు. ఒకచోట పెద్దక్క చెయ్యెత్తింది. ఆందోళన అని ఉందండి, నేను భయం అన్నాను అంది. జడ్జిగారు తల ఊపితే పిచ్చుక ఆందోళన కొట్టేసి అంచులో భయం అని రాసింది. దిద్దినచోట సంతకం పెట్టాలి కదా, పెద్దక్క ఎడమచేత్తో పెట్టింది. హాస్టల్లో రెండేళ్ళు ఒకే కంచంలో తిన్నారు, పెద్దక్కది కుడిచేతి వాటం. తర్వాత వరండాలో మంచినీళ్ళ పంపు దగ్గర వెనకాలే వెళ్ళి నిలబడితే, పెద్దక్క నోరు తుడుచుకుని, మామూలుగానే అంది ఆ మాట.

“బాగా చదివావే. నువ్వు ఎప్పుడూ బాగానే చదివేదానివి.”

అంతే. మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ మాట మూడేళ్ళుగా పళ్ళ సందున ఇరుక్కున్న పీచులా ఉంది, నాలుకతో ఎంత తడిమినా రాదు. మూసిన తలుపుల వెనక విన్నది బయట చెప్పకూడదు, చెబితే ఉద్యోగం పోవడం సంగతి అలా ఉంచి, అది పెద్దక్క సొత్తు, పెద్దక్క చెప్పుకుంటే చెప్పుకోవాలి. అందుకే మైకుకి ఇప్పటికీ తెలియదు, లోకానికి తెలిసినంతే తెలుసు, పెద్దక్కకి సర్దుకుపోవడం చేతకాలేదని, కాస్త తలబిరుసని. పిచ్చుక ఆ మాటకి కూడా ఎన్నోసార్లు ఊఁ కొట్టింది.

నాలుగూ ముప్పై. ఇంకో బుడగ. దీనికి చిల్లుంది, ఎంత తొక్కినా లేవడం లేదు. పోనీ ఈ కాగితాలు చింపేసి వేరే ఆట పెడితే? కళ్ళకి గంతలు కట్టి కేకు తినిపించడం, బట్టల పిన్నుల ఆట, ఏదో ఒకటి. మాస్టారు మార్కులు అడుగుతాడు, కాగితాలు తడిసిపోయాయని చెప్పొచ్చు. చెప్పి? పార్టీ గడుస్తుంది, తొమ్మిది రోజులు గడుస్తాయి, పెళ్ళి అవుతుంది. మూడేళ్ళకో నాలుగేళ్ళకో పేరు పిలుస్తారు, సర్టిఫికెట్లో పేరు, తను తల ఎత్తుతుంది. అప్పుడు కూడా వేళ్ళు తప్పు కొట్టవు. అది తలుచుకునేసరికి పంపు మీద కాలు ఆగిపోయింది, వేళ్ళ వైపు చూసుకుంది, పరాయివాళ్ళవి చూసినట్టు.

తలుపు తోసిన చప్పుడైతే ఉలిక్కిపడింది. మైకు. మెట్లెక్కిన అలికిడే లేదు. ఇదివరకు వీధి మలుపులో ఉండగానే తెలిసిపోయేది అది వస్తోందని, చెప్పుల చప్పుడో, ఎవరినో పలకరించే కేకో. లేత బూడిదరంగు బట్టలు, జుట్టు బిగించి ముడి వేసింది, కాస్త చిక్కింది. అరగంట ముందొచ్చావేంటే, పెళ్ళికూతురు చివర్న రావాలి, మేమంతా అరవాలి, అన్నీ చెడగొట్టావు అని పిచ్చుక పైకి కసురుకుంది. మైకు చుట్టూ చూసింది, బాగుందే అంది, ఎంత కష్టపడ్డావే అంది, కుర్చీ అంచు మీద కూర్చుంది. సంచిలో ఫోను మోగింది. రెండో మోత పూర్తికాకుండా సంచిలోకి చెయ్యి పోయింది, మాట మధ్యలో ఉన్నదల్లా ఆపి ఎత్తింది. వచ్చానండి అంది, ఇద్దరమేనండి, ఇంకెవరూ రాలేదండి, అలాగేనండి అంది. ఆ గొంతు పిచ్చుక ఎప్పుడూ వినలేదు. కోర్టులో విన్నది, మైకు దగ్గర వినలేదు. ఫోను పెట్టేసి సంచిలోంచే ఒక పెన్నూ, నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితమూ తీసింది మైకు. మోకాళ్ళ మీద కాగితం పరుచుకుని చేత్తో సాపు చేస్తోంది, ఎంతకీ తల ఎత్తడం లేదు.

“జవాబులు ఒకసారి చూపించవే. రాసుకుని, వాళ్ళొచ్చేలోపు కంఠతా పట్టేస్తాను.”

ఎందుకే, తప్పితేనే కదా సరదా అంది పిచ్చుక. మైకు నవ్వబోయింది.

“ఇరవైకి ఇరవై రావాలన్నారే. తగ్గితే నేను ఆయన్ని సరిగ్గా అర్థం చేసుకోలేదని... ఏమీ అనరులే. అనరు కానీ.”

అనరు కానీ. ఆ కానీ తర్వాత ఏముంటుందో పిచ్చుకకి తెలుసు, రోజూ కొడుతుంది. చెప్పాలని నోటిదాకా వచ్చాయి, వద్దే ఈ పెళ్ళి అని, పెద్దక్క ఎడమచేత్తో ఎందుకు సంతకం పెట్టిందో తెలుసా అని, నా మాట విను అని. ఒక్కటీ బయటికి రాలేదు. కొలను గట్టు మీద గొంతుక్కూర్చున్న మనిషి, ధైర్యమంతా వేళ్ళలోనే ఉన్న మనిషి. అయితే చేతనైన పని ఒకటుంది. కత్తెర పక్కన పెట్టింది. మూడు కాగితాలూ వరసగా పేర్చి, అంచులు బల్లకేసి తట్టి, లేచి నిలబడింది.

చదవడం మొదలుపెట్టింది. కుర్చీ ఎక్కలేదు, మెడ వాల్చలేదు, మీసం దువ్వలేదు. ప్రశ్న. జవాబు. ప్రశ్న. జవాబు. ఎత్తూ పల్లం లేకుండా, కోర్టులో చదివినట్టే, ప్రతి మాటకీ దాని బరువు ఎంతో అంతే, ఒక చిటికెడు ఎక్కువ వెయ్యకుండా, తక్కువ వెయ్యకుండా. రంగు దగ్గర మైకు రాసుకుంది. ఫోను దగ్గర రాసుకుంది. ఆప్తుల దగ్గర పెన్ను కాసేపు ఆగి మళ్ళీ కదిలింది. నవ్వు దగ్గర, చప్పుడెక్కువ, ఈమధ్య తగ్గింది లెండి అన్నచోట, మెల్లగా చదవవే అంది. పదకొండో ప్రశ్న దగ్గర, దేనికి భయం అన్నచోట, పెన్ను కదలలేదు. ఆ తర్వాత ఇంక కదలనేలేదు. పిచ్చుక ఆగలేదు, ఆగితే తన గొంతు తనని మోసం చేస్తుందని తెలుసు. ఈత చదివింది. మంచి స్టూడెంటు చదివింది. ఒక వరుస ఖాళీ ఉంది కదా, ఆ ఖాళీ అంత సేపు ఆగి, చివరి వరుస కూడా చదివేసింది, చదివి వినిపించగా విని, సరిగా ఉన్నదని. ఒప్పుకొన్నారు అన్న మాట మాత్రం నోటికి రాలేదు. కింద వీధిలో ఎవరో స్కూటరు ఆపుతున్నారు. గులాబీ బుడగ ఒకటి బల్ల మీద నుంచి దొర్లి మైకు పాదాల దగ్గర ఆగింది.

సరిగానే ఉందా, అడిగింది పిచ్చుక. అది కూడా రోజూ అడిగేదే.

మైకు తన చేతిలో కాగితం మీద సగం రాసిన జవాబుల వైపు చూస్తోంది, తన చేతిరాత తనకే అర్థం కానట్టు. పెద్దక్కకి కూడా ఇలాగే చదివావా అని అడిగింది చివరికి. ఆ మాట పిచ్చుక చెప్పకూడదు. కానీ కళ్ళు దాచుకోలేకపోయింది, తల దించుకునేసరికి నీళ్ళు కాగితం మీద రాలి పదో జవాబు అలుక్కుపోయింది. మైకు అది చూసింది. చూసి, నెమ్మదిగా ఊపిరి పీల్చింది, పిల్లలకి నేర్పేదే, నీళ్ళలోకి దిగే ముందు.

“పదకొండోది ఇంకోసారి చదువు.”

చదివింది. నేను గొంతు తగ్గిస్తే భయం. నేను అరవను, ఎప్పుడూ అరవలేదు. గొంతు తగ్గిస్తాను. ఆమెకు అర్థమవుతుంది.

“తప్పుందే అందులో. తగ్గిస్తే కాదు. తగ్గిస్తాడేమోనని. పొద్దున లేచిన దగ్గర్నుంచీ, తగ్గిస్తాడేమోనని. అలా రాయి.”

రెండు అంగుళాల అంచు ఉంది కదా, వేళ్ళు పొరపాటున వదిలింది. పిచ్చుక కాగితం బల్ల మీద పెట్టి, తగ్గిస్తే అన్న మాట మీద గీత గీసి, పక్కన అంచులో రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు వంకర పోతున్నాయి. సంచిలో ఫోను మోగింది. మైకు చెయ్యి సంచి మీదికి వెళ్ళింది, రెండో మోతకి జిప్పు దాకా వెళ్ళింది, అక్కడే ఉండిపోయింది. వేళ్ళు బిగుసుకుని తెల్లబడ్డాయి. మూడోది మోగింది. ఇద్దరూ సంచి వైపే చూస్తున్నారు.

రాశావా, అంది మైకు. నాలుగోది మోగింది.